గడ్డి ఎవరిది? ముగ్గురు కాపరి బిడ్డల ఆత్మకథలు

మడకశిర చుట్టుపక్కల గొర్రెల కాపరులైన కురుబల ఇళ్లు లేని ఊళ్లు తక్కువ. రొళ్ల, అగళి, అమరాపురం, గుడిబండ వైపు పోతే ఇంట్లో కన్నడం, కచేరీలో తెలుగు మాట్లాడుకుంటూ జీవాలనే ఆస్తిగా నమ్ముకున్న కుటుంబాలు కనిపిస్తాయి. ఆ ఇళ్ల పిల్లలు అయ్యవార్లయ్యారు, కండక్టర్లయ్యారు, పోలీసు ఉద్యోగాలకు పోయారు. 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ మొదలయ్యాక యూనిఫారం తొడుక్కుని బస్సెక్కుతున్నవాళ్లూ ఉన్నారు. హిందూపురం పార్లమెంటు స్థానంలో కురుబ అభ్యర్థి గెలవడం ఇప్పుడు వింతేం కాదు. ఇన్ని తోవలు తెరుచుకున్నా, మంద వెనక తిరిగిన చిన్నతనం నుంచి ఆ తోవ దాకా ఎట్లా వచ్చారో నిండుగా చెప్పే ఆత్మకథ ఈ వైపు నుంచి, నేను చదివినంతలో, రాలేదు. కాబట్టి వేరేచోట్ల వచ్చిన పుస్తకాలను ఇక్కడి కళ్లతో చదువుకోవడమే మిగిలింది.

అట్లాంటివి మూడు తీసుకుంటాను. ఒకటి మనవాడిదే. వరంగల్ జిల్లా పాపయ్యపేటలో 1952లో కురుమ (మన కురుబలను అక్కడ అట్లా అంటారు) ఇంట పుట్టి, ఉస్మానియాలో రాజనీతిశాస్త్రం చదివి, అక్కడే పాఠం చెప్పిన కంచ ఐలయ్య ఆత్మకథ, 'ఫ్రమ్ ఎ షెపర్డ్ బాయ్ టు యాన్ ఇంటలెక్చువల్'. దానికి తోడుగా ఆయన 1996 నాటి 'వై అయామ్ నాట్ ఎ హిందూ' కూడా చూడాలి. 'నేను హిందువు నెట్లయిత?' పేరుతో తెలుగులోకి వచ్చిన ఆ పుస్తకంలో మొదటి భాగమంతా కురుమ వాడలో గడిచిన బాల్యమే. రెండోది ఇంగ్లండులో లేక్ డిస్ట్రిక్ట్ కొండల్లో గొర్రెలు పెంచే జేమ్స్ రీబ్యాంక్స్ 2015లో అచ్చువేసిన 'ది షెపర్డ్స్ లైఫ్'. మూడోది ఇటలీకి చెందిన సార్డీనియా దీవిలో సిలిగో అనే ఊరివాడు గవీనో లెద్దా 1975లో రాసిన 'పాద్రే పద్రోనె'. తండ్రే యజమాని అని ఆ పేరుకు అర్థం. ఒక కాపరి పొందిన విద్య అని దాని కింద చిన్న శీర్షిక.

ముగ్గురూ గొర్రెల మధ్యే పెరిగారు. ముగ్గురూ విశ్వవిద్యాలయం గడప తొక్కారు. పైపైన చూస్తే ఒకే కథ. గొర్రె తినే గడ్డి ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న వేసి చదివితే మాత్రం మూడూ మూడు దిక్కులకు పోతాయి.

ముందు బడి సంగతి చూద్దాం. ఎందుకంటే ముగ్గురిలోనూ అసలు గాయం తగిలింది అక్కడే.

లెద్దాకు ఆరేళ్లు. బడిలో చేరి కొద్ది వారాలే అయింది. ఒక రోజు తండ్రి తరగతి గదిలోకే వచ్చి, గొర్రెలు చూసుకోవడానికి వీడు కావాలి అని పిల్లవాణ్ని లాక్కుపోతాడు. తావియానీ సోదరులు 1977లో ఈ పుస్తకాన్ని సినిమాగా తీశారు, దానికి కాన్ చిత్రోత్సవంలో పామ్ దోర్ వచ్చింది. అందులో ఆ ఘట్టం చూసినవాళ్లు మరిచిపోలేరు. మిగతా పిల్లలు నవ్వుతారు. తండ్రి వెనక్కి తిరిగి, ఇవాళ వీడి వంతు, రేపు మీ వంతు అన్నట్టు హెచ్చరిస్తాడు. నవ్వులు ఆగిపోతాయి. బడి మీద పేదరికానికి ఉన్న అధికారాన్ని ఇంత తక్కువ మాటల్లో చూపించిన దృశ్యం నాకు ఇంకోటి గుర్తురావడం లేదు. మన సీమలోనూ అయ్యవారు హాజరు పట్టీలో పేరు పిలుస్తుంటే, ఆ పేరుగలవాడు జీతానికి కుదిరి ఎవరి గొర్రెల వెనకో ఉండటం పెద్ద వింతేం కాదు.

రీబ్యాంక్స్ పుస్తకం 1987లో ఒక బడి సమావేశంతో మొదలవుతుంది. పదమూడేళ్ల పిల్లలు. టీచరమ్మ లేక్ డిస్ట్రిక్ట్ గొప్పదనం గురించి చెబుతోంది. కవి వర్డ్స్‌వర్త్ వచ్చాడు, కొండలెక్కే యాత్రికులు వచ్చారు. ఆ కొండల మీద తరతరాలుగా గొర్రెలు పెంచుతున్న వీళ్ల తాతముత్తాతలు మాత్రం ఆమె మాటల్లో ఎక్కడా లేరు. పైగా చదువుకోకుండా పొలం పనిలోకి పోతే బతుకు పాడైనట్టేనన్న ధోరణి. తన ఊరి గురించి చెబుతూ తనవాళ్లను వదిలేసిన ఆ పాఠం రీబ్యాంక్స్‌ను జీవితమంతా వెంటాడింది. అతను వడ్రంగం, మతబోధ, ఈ రెండు పాఠాల్లో మాత్రమే గట్టెక్కి బడి మానేశాడు.

ఐలయ్య బడి అనుభవానికీ దీనికీ చుట్టరికం ఉంది. పాఠ్యపుస్తకంలోని తెలుగు తమ ఇంటి తెలుగు కాదని, అందులోని దేవుళ్లు తమ వాడ దేవుళ్లు కారని, కాళిదాసు పేరు తమకు షేక్‌స్పియర్ పేరంత పరాయిదని ఆయన వాదం. పోచమ్మ లేదు, కట్టమైసమ్మ లేదు, బీరప్ప లేడు. గొర్రెకు ఏ ఆకు మేపితే కడుపు ఉబ్బుతుందో, ఏ రోగానికి ఏ పసరు పోయాలో, ఉన్ని ఎప్పుడు కత్తిరించాలో కురుమ పిల్లవాడికి తెలిసిన విద్యకు బడిలో పేరే లేదు. ఇంట్లో పెద్దవాళ్లకు ఇంకో భయం. చదువుల తల్లి సరస్వతి తమ పిల్లల పాలిట దయ్యమై చంపుతుందని వాళ్ల నమ్మకం. మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చే మాటే ఇది. చదువుకున్నవాళ్ల వల్ల తరతరాలుగా మేలు చూడని జనం, చదువును దయ్యంగా ఊహించుకోవడంలో ఆశ్చర్యం ఏముంది అని తర్వాత అనిపిస్తుంది.

రీబ్యాంక్స్‌ను బడి చిన్నచూపు చూసింది. కానీ ఆ టీచరమ్మ పొగిడిన కొండ మీద మేత హక్కు వాళ్ల కుటుంబానికి ఉంది. సాయంత్రం ఇంటికి పోతే తాత ఉన్నాడు, కొండ ఉంది, మంద ఉంది. బడిని తిట్టి ఇంటికి పోగలిగిన కుర్రవాడు అతను. ఐలయ్యకు ఆ వెసులుబాటు లేదు. బడి కాదన్న లోకాన్ని వెనుదిరిగి చూస్తే, అక్కడా మేత మీద పెత్తనం చేసే అటవీ గార్డు కాచుకుని ఉన్నాడు. లెద్దాకైతే ఇల్లే జైలు, బడే విడుదల. బడి విషయంలో ముగ్గురి తీరులో ఉన్న తేడాకు మూలం వాళ్ల స్వభావాల్లో వెతకడం దండగ. వాళ్ల వెనక ఉన్న నేలలో వెతకాలి.

రీబ్యాంక్స్ పుస్తకంలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఆ కొండ గొర్రెల వివరం. హెర్డ్‌విక్ అనే మొరటు జాతి. కొండ మీద కంచెలు లేవు. అయినా ఒక మంద ఇంకో మంద మేత లోకి పోదు. తల్లి గొర్రె వెంట తిరిగిన పిల్లకు తన హద్దు ఒంటబడుతుంది, అది మళ్లీ తన పిల్లకు నేర్పుతుంది. ఇట్లా వందల ఏళ్లుగా మందకు కొండ, కొండకు మంద అలవాటైపోయాయి. రీబ్యాంక్స్ మనుషులనూ అదే లెక్కలో చూస్తాడు. తానూ తన తండ్రీ తాతా ఆ కొండకు అలవాటుపడిన జీవాలే. అందుకే పుస్తకాన్ని పుట్టుక నుంచి పెంపకం దాకా వరుసగా చెప్పకుండా ఎండాకాలం, ఆకురాలు కాలం, చలికాలం, వసంతం అని నాలుగు రుతువులుగా పంచాడు. కాలం గుండ్రంగా తిరుగుతుంది. మనిషి ఎక్కడికో పోయి ఏదో అవడం ఈ పుస్తకంలో పెద్ద విషయం కాదు. రాత్రి చదువుల్లో చేరి, ఆక్స్‌ఫర్డులో మోడ్లిన్ కాలేజీకి పోయి చరిత్రలో మొదటి శ్రేణి పట్టా తెచ్చుకున్న సంగతిని కూడా వేసవికాలపు గడ్డి కోత కన్నా తక్కువ పేజీల్లోనే తేల్చేశాడనిపిస్తుంది. చదువు పక్కదారి, మంద అసలు దారి.

చదవడానికి ఎంతో హాయిగా ఉంటుంది. మడకశిరలో కూర్చుని చదివితే ఆ హాయి కింద ఒక ముల్లు తగులుతుంది. మన కాపరికి కొండ లేదు. మంద నడుస్తూనే ఉండాలి. వేరుశనగ పీకిన చేలల్లో, కోతలైన వరి మళ్లలో, చెరువు కింద, రోడ్డు వారన, బంజరులో మేపుకోవాలి. రాత్రి ఎవరి చేలోనో మంద పెడితే ఎరువుకు బదులుగా రైతు గింజలో డబ్బులో ఇస్తాడు. ఆ చేను మర్నాటికి ఇంకొకరిది. ఎండాకాలం వచ్చిందంటే నీళ్లున్న వైపు వలస. ఇక్కడ గొర్రె పిల్లకు తల్లి నేర్పేది హద్దు కాదు, ఎక్కడ ఆగాలో ఎక్కడ ఆగకూడదో, అంతే. తన కొండ అని ఒకటి లేనివాడు రుతువుల పుస్తకం రాయలేడు. రాస్తే అది అబద్ధమవుతుంది.

పొరుగున ఉన్న చిత్రదుర్గం జిల్లా చళ్లకెరె ఉదాహరణ ఇక్కడ చెప్పుకోవాలి. కంబళ్ల నేతకు పేరున్న ఊరు. మడకశిర వైపు కురుబలకు బంధుత్వాలున్న సీమ. ఆ ఊరి దగ్గర అమృతమహల్ కావలి అనే పెద్ద గడ్డి భూములు ఉండేవి. మైసూరు రాజుల కాలం నుంచి పశువుల మేతకు విడిచిన నేల. చుట్టుపక్కల పల్లెల జీవాలకు అదే ఆధారం. 2008 తర్వాత కొన్నేళ్లలో సుమారు 10 వేల ఎకరాలు రక్షణ పరిశోధన సంస్థకు, అణు పరిశోధన కేంద్రానికి, ఇస్రోకు, భారతీయ విజ్ఞాన సంస్థకు పంచేశారు. కాపరులు కోర్టుకెక్కారు, హరిత ట్రిబ్యునల్ దాకా పోయారు. దేశంలో అత్యున్నతమైన చదువు కంచె వేసుకున్నది కాపరి గడ్డి మీదే. ఐలయ్య ఆత్మకథ పేరులో ఉన్న ఇద్దరూ, గొర్రెలు కాసే పిల్లవాడూ మేధావీ, చళ్లకెరెలో కంచెకు చెరోవైపు నిలబడి ఉన్నారు.

ఆ పేరుతోనే నాకు పేచీ. కాపరి పిల్లవాడి నుంచి మేధావి దాకా అన్నప్పుడు కింది మెట్టు ఒకటి, పై మెట్టు ఒకటి ఏర్పడతాయి. ఐలయ్య జీవితమంతా వాదించింది ఇందుకు విరుద్ధం. 2009లో వచ్చిన 'పోస్ట్-హిందూ ఇండియా'లో ఆయన ఒక్కో కులానికీ ఒక్కో అధ్యాయం కేటాయించి, గొల్ల కురుమలను మాంసం, పాల అర్థశాస్త్రవేత్తలని పిలిచాడు. అంటే కాపరి ముందే మేధావి. మందను పెంచడం, తెగుళ్లను గుర్తించడం, ఈనే కాలాన్ని లెక్కగట్టడం, ఏ సంతలో ఎప్పుడు అమ్మాలో తేల్చుకోవడం, ఇవన్నీ శాస్త్రమే. అట్లాంటప్పుడు ఎక్కడి నుంచి ఎక్కడికి? ఆయన సిద్ధాంతం ఒప్పుకోని మెట్లను ఆయన ఆత్మకథ పేరు ఒప్పేసుకుంది.

అయితే ఈ పేచీకి సమాధానం కూడా ఆయన దగ్గరే ఉంది. ఆత్మకథ కన్నా ముందే, 2016లో, ఆయన తన పేరు చివర షెపర్డ్ అని చేర్చుకున్నాడు. శాస్త్రి, శర్మ, రెడ్డి, రావు ఉన్నప్పుడు కాపరి ఎందుకు ఉండకూడదన్నది ఆయన తర్కం. పుస్తకం పేరులో వెనక వదిలేసిన కాపరిని సొంత పేరులో ముందుకు తెచ్చుకున్నాడన్నమాట. ఈ రెండింటి మధ్య ఉన్న తగువును ఆత్మకథ తేల్చదు. తేల్చకపోవడమే దానికి బలం అంటాను. రీబ్యాంక్స్‌లా తిరిగి మంద దగ్గరికి పోయే దారి ఐలయ్యకు లేదు. పోతే జీతగాడి బతుకులోకో, నష్టాల సంసారంలోకో పోవాలి. కాబట్టి మందను మాటల్లో మోసుకు తిరిగాడు. రీబ్యాంక్స్ గొర్రెలు గొర్రెలుగానే ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో నడక, ఒక్కో మొండితనం. ఐలయ్య గొర్రెలు వాదనలో సాక్షులు. వాటి ఒంటి వాసన మనకు తగలదు. రచనగా ఇది లోటే. ఆయన పేజీల్లో నేను అనేది తొందరగా మేము అయిపోతుంది. ఒక చలి రాత్రి మందలో ఏం జరిగిందో వినాలని మనం కూర్చుంటే ఆయన కుల వ్యవస్థలో ఏం జరిగిందో చెప్పడం మొదలుపెడతాడు.

మేము అనాల్సిన అవసరం రీబ్యాంక్స్‌కు తక్కువ. ఆయన ఒక్కడి కథ చెప్పినా వినేవాళ్లున్నారు. ఇంగ్లండులో కాపరి అంటే బొమ్మల పుస్తకాల్లో, కవిత్వంలో ముందే ముద్దుచేసిన మనిషి. పిల్లల కథల బియాట్రిక్స్ పాటర్ కూడా ఆ కొండల్లో హెర్డ్‌విక్ గొర్రెలు పెంచింది. ఆ ముద్దును తోసేసి కాపరిని మామూలు పనివాడిగా చూపించడమే రీబ్యాంక్స్ చేయాల్సి వచ్చింది. ఐలయ్య చేయాల్సింది తలకిందుల పని, ఎవరూ లెక్కచేయని మనిషిని లెక్కలోకి తేవడం. అందుకు ఒక్క గొంతు చాలదనుకున్నాడేమో.

ఇక పెద్దవాళ్లు. లెద్దా తండ్రి అబ్రామో పుస్తకం నిండా ఉంటాడు. కొట్టే చేయి, అరిచే నోరు, కొడుకును కాపలా పెట్టి లెక్కలు చూసుకునే యజమాని. ఉన్న కాస్త మేత నేలా మందా తండ్రివి, కొడుకు అందులో జీతం లేని జీతగాడు. సినిమా మొదట్లో ఒక చమత్కారం ఉంది. అసలు లెద్దాయే తెరమీదికి వచ్చి, తండ్రి వేషం వేసిన నటుడి చేతికి ఒక కర్ర అందిస్తాడు, మా నాయన దగ్గర ఇది ఉండేదని. తనను కొట్టిన కర్రను తానే అందించడంలో పగ ఉంది, ప్రేమా ఉంది. ఇరవయ్యో ఏట సైన్యంలో చేరాక గాని అతనికి చదువు దారి పడలేదు. ఇటాలియన్ భాషను పరాయి భాషలా నేర్చుకుని, 1969లో భాషాశాస్త్రంలో పట్టా పుచ్చుకుని, చివరికి సిలిగోకే తిరిగొచ్చాడు. మాటలే లేని కొండ మీద పెరిగినవాడు మాటల శాస్త్రం ఎంచుకున్నాడు. కొంచెం మరీ చక్కగా కుదిరిన మలుపే, కానీ జరిగింది అదే.

రీబ్యాంక్స్‌కు తాతే దేవుడు. తండ్రితో పోట్లాట, అదీ పని మీద. ఎవరి మాట నెగ్గాలి, ఎప్పుడు కోత కోయాలి అని. ఒకే పొలంలో ఇద్దరు మగవాళ్లు ఇమడకపోవడం మన ఇళ్లలోనూ తెలిసిందే. దాని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు.

ఐలయ్య తల్లి కట్టమ్మ ఈ ముగ్గురి కథల్లోనూ అందరికన్నా పెద్ద మనిషి. మేత భూముల విషయంలో అటవీ సిబ్బంది జులుంకు ఎదురు తిరిగి కురుమలను కూడగట్టి, ఆ పోరులోనే ప్రాణం పోగొట్టుకుంది. లెద్దాకు గడ్డి తండ్రి చేతిలో ఉంది కాబట్టి అతని పుస్తకం తండ్రి మీద తిరుగుబాటు. ఐలయ్యకు గడ్డి సర్కారు చేతిలో ఉంది కాబట్టి తల్లి తిరుగుబాటుదారు అయింది, కొడుకు ఆ తిరుగుబాటును పుస్తకాల్లోకి తెచ్చాడు. రీబ్యాంక్స్‌కు గడ్డి మీద పొత్తు హక్కు ఉంది కాబట్టి అతనికి తిరగబడాల్సినవాళ్లు ఇంటి బయట ఉన్నారు, టీచరమ్మలు, యాత్రికులు, సూపర్‌మార్కెట్లు. మూడు పుస్తకాల స్వరాలు మూడు రకాలుగా ఉండటానికి నాకు కనిపించే కారణం ఇదే. శైలి, భాష, చదువు అన్నీ దీని తర్వాతే.

ఉన్ని విషయంలో మాత్రం ఇంగ్లండూ అనంతపురమూ ఒకటే. హెర్డ్‌విక్ ఉన్ని ముతక, బూడిద రంగు. ఒకప్పుడు దాని మీద వచ్చే డబ్బుతో కౌలు కట్టేవాళ్లు, ఇప్పుడు కత్తిరింపు కూలి కూడా రాదు. మన దక్కనీ గొర్రె నల్ల ఉన్నిదీ అదే గతి. కంబళి కప్పుకునేవాళ్లు తగ్గారు, పానిపట్ దుప్పట్లు వచ్చాయి. కాపరులు ఉన్ని లేని నెల్లూరు జాతి వైపు, మాంసం వైపు మళ్లారు. బీరప్ప పండగల్లో భుజాన వేసుకునే కంబళి మాత్రం మిగిలింది. రోగాల దగ్గరా పోలిక ఉంది. 2001లో బ్రిటన్‌లో గాలికుంటు వ్యాపిస్తే 60 లక్షలకు పైగా జీవాలను సర్కారు చంపించింది. రీబ్యాంక్స్ వాళ్ల జీవాలూ ఆ దెబ్బకు పోయాయి. ఆ పేజీలు చదువుతుంటే మన దగ్గర వానాకాలంలో నీలినాలుక సోకి మందలు ఖాళీ అయినప్పుడు కాపరి ముఖం గుర్తొస్తుంది. అక్కడ సర్కారు పరిహారం లెక్కగట్టి ఇచ్చింది. ఇక్కడ నష్టం ఇంటి నష్టంగానే మిగిలిపోవడం ఎక్కువ.

రీబ్యాంక్స్ ఒక నిజాన్ని దాచిపెట్టలేదు, అందుకు మెచ్చుకోవాలి. గొర్రెల మీద మాత్రమే ఇల్లు గడవదు. అతను యునెస్కోకు పర్యాటక సలహాలు చెబుతూ, పుస్తకాలు రాస్తూ మందను నిలబెట్టుకున్నాడు. అంటే ఆక్స్‌ఫర్డు పక్కదారి అని పుస్తకం ఎంత అన్నా, ఆ పక్కదారి డబ్బే అసలు దారిని పోషిస్తోంది. రుతువుల చక్రంలో ఈ లెక్క సరిగ్గా ఇమడలేదు. మంద దగ్గరికి తిరిగిపోదాం రండి అని ఈ పుస్తకాన్ని చూపించి మన కుర్రవాళ్లకు ఉపదేశించేవాళ్లు, ఉంటే గింటే, ఆ పేజీలు ముందు చదవాలి.

తిరిగిపోవడాన్ని మన దగ్గర సర్కార్లు ఇంకోరకంగా ఊహించాయి. 2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్ల కురుమలకు 75 శాతం రాయితీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు పంచే పథకం తెచ్చింది. ఆ జీవాల కోసం ఆంధ్రకూ కర్ణాటకకూ కొనుగోలుదారులు వచ్చారు. 2019 పశుగణనలో తెలంగాణ గొర్రెల్లో దేశంలో మొదటి స్థానానికి వచ్చింది, ఆంధ్రప్రదేశ్ రెండో స్థానం. గొర్రెలు పెరిగాయి. మేత నేల పెరిగిందా అని ఎవరూ అడగలేదు. కురుమ బిడ్డకు గొర్రెలిస్తే చాలు అనుకునే ఆలోచనకూ, కురుమ బిడ్డకు ఇంగ్లిష్ కావాలి అనే ఐలయ్య ఆలోచనకూ మధ్య చాలా దూరం. 2019లో ఆంధ్రప్రదేశ్ బడుల్లో ఇంగ్లిష్ మాధ్యమం తెస్తామన్నప్పుడు ఆయన గట్టిగా వెనకేసుకొచ్చాడు. మడకశిరలో అయితే ఈ మాట ఇంకా చిక్కుపడుతుంది. ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు, ఉద్యోగానికి ఇంగ్లిష్. సార్డీనియా పిల్లవాడు ఇటాలియన్‌కు ఒక్క కంచె దాటితే సరిపోయింది, రొళ్ల పిల్లవాడు రెండు దాటాలి.

ఈ వైపు కాపరి కులం నుంచి రచయితే రాలేదని మాత్రం అనకూడదు. కనకదాసు ఉన్నాడు. పదహారో శతాబ్దపు ఆ కురుబ కవి గురించి మడకశిర పల్లెల్లో అందరికీ తెలుసు, జయంతులూ చేస్తారు. ఆయన 'రామధాన్య చరిత్రె'లో బియ్యానికీ రాగులకూ తగువు పెట్టి రాముడి చేత రాగులనే గెలిపించాడు. సంగటి తినేవాళ్ల పక్షం అది. ఆత్మకథ రాసే కాలం కాదు కాబట్టి, తన సంగతిని గింజల నోట చెప్పించాడని అనుకుంటాను. అయినా కనకదాసు జీవితాన్ని మనం భక్తుడి కథగానే చెప్పుకుంటాం, ఉడుపిలో గోడకు కిటికీ ఏర్పడిందనీ కృష్ణుడు ఆయన వైపు తిరిగాడనీ. ఒక కురుబ ఇంటి మనిషి గుడి గోడ బయట ఎందుకు నిలబడాల్సి వచ్చిందన్నది ఆ కథలో పక్కకు పోతుంది. ఐలయ్య ఆ కథ చెబితే అక్కడి నుంచే మొదలుపెట్టేవాడు.

మూడింట్లో ఏది గొప్ప పుస్తకం అని అడిగితే, రచనగా లెద్దాదే అంటాను. తండ్రిని ద్వేషిస్తూనే అర్థం చేసుకున్నాడు, గొర్రెను గొర్రెగా చూశాడు, మాటలు లేని బాల్యాన్ని మాటల్లో పెట్టాడు. చదివించే గుణంలో రీబ్యాంక్స్ ముందుంటాడు. మనకు పనికొచ్చేది ఐలయ్య. గడ్డి ఎవరిదన్న ప్రశ్నను ఇంటి గోడలు దాటించి ఊరికీ సర్కారుకూ బడికీ వేసింది ఆయన ఒక్కడే. దానికి ఆయన ఇచ్చిన మూల్యం, ఆయన గొర్రెలకు ఒంటి వాసన లేకపోవడం.

ఒక లోటు మాత్రం మూడింటికీ ఉమ్మడి. మూడూ కొడుకులు రాసినవే. కట్టమ్మ అంత బలంగా కనిపించినా ఆమె కొడుకు కళ్ల నుంచే కనిపిస్తుంది. అన్నదమ్ములు బడికి పోయిన రోజుల్లో మంద వెనక పోయిన ఆడపిల్ల, ఈనిన గొర్రెకు పురుడు పోసిన ఆడమనిషి, రొప్పంలో పేడ ఎత్తినది, పిల్లలకు పాలు పట్టింది ఏమనుకున్నారో మనకు తెలియదు. కాపరి ఆడమనిషి రాసి బాగా అమ్ముడుపోయిన పుస్తకం ఇంగ్లండులోనే ఉంది, అమాండా ఓవెన్ 2014లో తెచ్చిన 'ది యార్క్‌షైర్ షెపర్డెస్'. కానీ ఆమె హడర్స్‌ఫీల్డ్ పట్నపు పిల్ల. గొర్రెల మీద ఇష్టంతో కొండకు చేరింది. ఆమెకు మంద తాను ఎంచుకున్న దారి. మందలో పుట్టిన ఆడపిల్లకు మాత్రం అది తప్పని దారి, ఆమె రాయాల్సిన పుస్తకం వేరు. అగళిలోనో అమరాపురంలోనో పదో తరగతి దాకా చదివి, ఇప్పుడు హిందూపురం వైపు గార్మెంట్ పనికి పోతున్న కురుబ అమ్మాయిల్లో ఎవరైనా దాన్ని కన్నడంలో రాస్తారో తెలుగులో రాస్తారో. ఏ భాషలో రాసినా ఈ మూడు పుస్తకాల పక్కన పెట్టి చదవాల్సింది అదే.